గుండె సరే, గొంతు చూశారా?

గుండె ఆపరేషన్ బాగా జరిగింది, ఎకోలో (గుండె స్కాన్‌లో) లోపమేమీ లేదు. అయినా శ్వాస కోసం గొంతులో వేసిన ట్యూబు తీసిన గంటకే పసిబిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని శబ్దం, డొక్కలెగరేయడం. ఐసీయూలో చూపు మళ్లీ గుండె మీదికే పోతుంది: మందుల మోతాదు మార్చడం, ఇంకో ఎకో, చివరికి మళ్లీ ట్యూబు. గొంతులో కెమెరా పెట్టి చూడాలన్న ఆలోచన అన్నీ అయ్యాక గానీ రాదు.

నిజానికి అనుమానం మొదట పోవాల్సింది అక్కడికే. స్వరతంత్రులను కదిలించే ఎడమ నరం ఛాతీలోకి దిగి, డక్టస్ (పుట్టాక మూసుకుపోవాల్సిన, గుండె దగ్గరి రక్తనాళం) పక్కనే బృహద్ధమని వంపు కిందుగా చుట్టుకుని, తిరిగి గొంతుకు ఎక్కుతుంది. డక్టస్ కట్టినా, వంపు సరిచేసినా, నార్‌వుడ్ (ఎడమ గుండె సరిగా ఎదగని శిశువుకు చేసే తొలి ఆపరేషన్) చేసినా, కాటరీ (రక్తనాళాలను కాల్చి మూసే పరికరం) వేడో లాగుడో దానికి తగలొచ్చు. అప్పుడు ఎడమ తంత్రి కదలదు. ఏడుపు బొంగురుపోతే అదృష్టమే, కనీసం తెలుస్తుంది. కొందరిలో ఆ గుర్తూ ఉండదు. పాలు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాదు. తర్వాత వచ్చే న్యుమోనియాను ఇన్‌ఫెక్షన్ ఖాతాలో రాసేస్తారు. అందుకే వంపు దగ్గర ఆపరేషన్ జరిగిన ప్రతి శిశువుకూ, నోటితో తొలి పాలు పట్టకముందే, ముక్కులోంచి సన్నటి స్కోప్ వేసి తంత్రులు చూడాలి. మత్తు అక్కర్లేదు, మంచం దగ్గరే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

బలహీనంగా ఉన్న బిడ్డను ఇంకా ఇబ్బంది పెట్టడం దేనికి, కొన్ని నెలల్లో చాలామందికి అదే తగ్గుతుంది కదా అనేవారున్నారు. అందరికీ తగ్గదు. తగ్గినా, ఆ నెలలన్నీ పాలు ఎటు పోతున్నట్టు?

ట్యూబు చేసే హాని వేరు. నవజాత శిశువు శ్వాసనాళం వెడల్పు దాదాపు 4 మి.మీ. చుట్టూ 1 మి.మీ. వాచిందంటే దారి నాలుగో వంతుకు పడిపోతుంది, గాలికి అడ్డు 16 రెట్లవుతుంది. బైపాస్ (ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) వల్ల ఒళ్లంతా నీరు పట్టిన బిడ్డలో ఆ వాపు ఇంకా తేలిక. కఫ్ (ట్యూబు చుట్టూ ఉబ్బే గాలి బుడగ) ఒత్తిడి 20-25 సెం.మీ. నీటి మట్టం దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం సరిగా అందకపోవచ్చు. కఫ్‌కు కలిసిన బయటి బెలూన్‌ను వేలితో నొక్కి బాగానే ఉందనుకోవడం కొలత కాదు, మానోమీటర్ (ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ట్యూబు సైజు కనీసం అర మి.మీ. తగ్గించాలి. కఫ్ గాలి తీసినా ట్యూబు పక్కనుంచి గాలి లీక్ కాకపోతే వాపు తగ్గించే డెక్సామెథాసోన్, ట్యూబు తీయడానికి 6-12 గంటల ముందే మొదలవ్వాలి. ట్యూబు లాగే వేళ ఇచ్చే డోసుతో ఒరిగేది తక్కువ.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. విజయాన్ని 30 రోజులు బతికారా లేదా అన్నదానితో కొలిచినంతకాలం గొంతు ఎవరి పద్దులోకీ రాదు. డిశ్చార్జ్ సమ్మరీలో గుండె పంపింగ్ శాతం ఉంటుంది. తంత్రుల కదలిక, ఏ సైజు ట్యూబు పట్టింది, ఎన్నిసార్లు మళ్లీ వేశారు, ఇవేవీ ఉండవు. నార్‌వుడ్ అయిన బిడ్డ 4-6 నెలలకు గ్లెన్ (రెండో దశ ఆపరేషన్) కోసం వచ్చినప్పుడు మత్తు డాక్టరు ట్యూబు సైజును మళ్లీ మొదటినుంచీ ఊహించుకోవాల్సిందే.