బ్యాగ్‌పైప్‌ని ఎవరూ నిషేధించలేదు మాస్టారూ

మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా బావ, చివర రెండు దండాలు పెట్టి మరీ. అంతకుముందు కాలేజీ గ్రూపులో, దానికి ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను. "స్కాట్లాండ్ వాళ్ళని చూసి సిగ్గు తెచ్చుకోండి" అని మొదలయ్యే ఆ మెసేజ్ ఇంకా చూడని అదృష్టవంతుల కోసం సారాంశం ఇది. మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కిల్టూ, గళ్ళ గుడ్డ టార్టనూ రెండువేల ఏళ్ళనాటివి. 1746లో ఇంగ్లీషువాళ్ళు చట్టం చేసి వాళ్ళ తోలుసంచి వాయిద్యం బ్యాగ్‌పైప్‌ని నిషేధించారు, వాయించినవాణ్ణి ఉరితీశారు. స్కాట్‌లు తుపాకుల్ని ఉత్త కత్తులతో ఎదిరించారు. వాళ్ళ కత్తి డాన్సు వెయ్యేళ్ళుగా ఒక్క అడుగు కూడా మారలేదు, ఆడవాళ్ళని అందులోకి రానివ్వరు. బయటివాళ్ళని కలవనివ్వలేదు కాబట్టే వాళ్ళ సంస్కృతి స్వచ్ఛంగా మిగిలింది, మనం అందరినీ కలుపుకుని చెడిపోయాం. అక్కడ ఊరూరా పిల్లలకి పైపు నేర్పుతారు, ఇక్కడ సన్నాయి నేర్పే దిక్కు లేదు.

నేనుండేది గ్లాస్గోలో. మా అమ్మాయి ఇక్కడి కొండసీమ నాట్యం, హైలాండ్ డాన్స్ క్లాసుకి వెళుతుంది. అంచేత ఇది ఎవరికి వచ్చినా నాకే పంపుతారు. "నిజమేనా?" అని అడిగినా బాగుండేది. ఎవరూ అడగరు, "చూశావా మరి!" అంటారు.

చూశాను. చిన్నవి ముందు తేల్చేస్తాను.

కిల్ట్. మెసేజ్‌లో స్కాట్లాండ్ వీరుడు విలియం వాలెస్ కిల్ట్ కట్టుకుని నిలబడ్డాడు. వాలెస్‌ని చంపింది 1305లో. దుప్పటంత గుడ్డని నడుముకి బెల్టుతో బిగించి మిగతాది భుజం మీద వేసుకునే పెద్ద కిల్ట్ కనబడేది 16వ శతాబ్దం చివర్లో. ఇవాళ పెళ్ళిళ్ళలో కనిపించే పొట్టి కిల్ట్ 18వ శతాబ్దం సంగతి. దాన్ని మొదట కుట్టించినవాడు థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప వ్యాపారి అని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. నిజమా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. ఎటు తేలినా రెండువేల ఏళ్ళు మాత్రం కాదు.

టార్టన్. ఒక్కో క్లాన్‌కి, అంటే ఒకే పెద్ద కింద ఉండే వంశానికి, ఒక్కో గళ్ళ గుడ్డ అనేది అనాది ఆచారమైతే, 1815లో హైలాండ్ సొసైటీ ఆఫ్ లండన్ "మీ క్లాన్ టార్టన్ నమూనా పంపండి" అని పెద్దలకి ఎందుకు రాయాల్సి వచ్చింది? కొందరు పెద్దలకి తమది ఏదో తమకే తెలియదు. బనోక్‌బర్న్‌లో విల్సన్ల నేతశాలలో చాలా గళ్ళకి పేర్లు కూడా లేవు, నంబర్లే. 1822లో జార్జ్ రాజు ఎడిన్‌బరా వస్తున్నాడని నవలా రచయిత వాల్టర్ స్కాట్ ఊరంతటికీ గళ్ళ గుడ్డ కట్టించాడు. గిరాకీ పెరిగింది, నంబర్లకి పేర్లు వచ్చాయి. మెసేజ్‌తో ఉన్న ఫోటో అంటారా, ఆ ఎండ చూస్తేనే స్కాట్లాండ్ కాదని తెలిసిపోతోంది. అమెరికాలో ఏదో హైలాండ్ గేమ్స్‌ది అయ్యుండాలి. నార్త్ కరోలినాలో గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ గేమ్స్ మొదలైందే 1956లో.

ఇక అందరినీ ఏడిపించే పాయింటు. బ్యాగ్‌పైప్ నిషేధం.

హైలాండ్ కొండసీమ నుంచి రాజు మీద లేచిన తిరుగుబాటుని అణిచాక చేసిన 1746 చట్టం చదవడానికి దొరుకుతుంది. ఆయుధాలు ఉంచుకోకూడదు అంటుంది. మగవాళ్ళు, మగపిల్లలు హైలాండ్ బట్టలు వేసుకోకూడదు అంటుంది. కిల్ట్, టార్టన్ కోటు అని ఒక్కోటి పేరుపెట్టి చెబుతుంది. మొదటిసారి దొరికితే ఆరునెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం అవతలి వలసరాజ్యాలకి పంపేయడం. ఇంత వివరంగా రాసినవాళ్ళు బ్యాగ్‌పైప్ మాట ఎక్కడా ఎత్తలేదు. డాన్సు మాటా లేదు. ఆ బట్టల నిషేధానికి కూడా ఒక మినహాయింపు ఉంది, రాజుగారి సైన్యంలో పనిచేసేవాళ్ళు వేసుకోవచ్చు. కిల్ట్ ఇవాళ్టిదాకా బతికిందంటే అందులో సగం పుణ్యం దాన్ని నిషేధించిన ప్రభుత్వపు సైన్యానిదే. ఇది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఉరితీసింది నిజం. జేమ్స్ రీడ్, తిరుగుబాటుదార్ల ఓగిల్వీ రెజిమెంట్‌లో పైపర్, అంటే బ్యాగ్‌పైప్ వాయించేవాడు. కార్లైల్ కోట లొంగిపోయినప్పుడు దొరికాడు, యార్క్‌లో విచారించారు. నేను ఆయుధం పట్టలేదు, పైపు వాయించానంతే అన్నాడు. హైలాండ్ రెజిమెంటేదీ పైపర్ లేకుండా కదలదు కాబట్టి పైపు కూడా యుద్ధ సాధనమే అంది కోర్టు. జ్యూరీ దయ చూపమని సిఫారసు చేసింది, వినలేదు. 1746 నవంబర్‌లో ఉరితీశారు. దుర్మార్గమే. ఆ కథ విని మీ కళ్ళు చెమర్చితే నేను వెటకారం చేయను. కానీ అతని మీద మోపిన నేరం సంగీతం కాదు, రాజద్రోహం. తిరుగుబాటు సైన్యంలో ఉన్నందుకు చంపారు. అతని వాదనకి కోర్టు చెప్పిన ఒక్క సమాధానాన్ని పట్టుకుని దేశమంతా పైపు మూగబోయిందని కథ అల్లేశారు.

మూగబోలేదనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 1781లో ఫాల్కర్క్ పశువుల సంతలో హైలాండ్ సొసైటీ ఆఫ్ లండన్ పైపు పోటీలు పెట్టింది, బహిరంగంగా, బహుమతులిచ్చి. బట్టల నిషేధం ఎత్తేసింది 1782లో. అంటే చట్టం ఇంకా పుస్తకాల్లో ఉండగానే పోటీ జరిగింది. నిషిద్ధమైన వాయిద్యంతో, లండన్ పెద్దమనుషుల ఆధ్వర్యంలో, సంత మధ్యలో! ఇంత గుట్టుగా నడిచిన నేరం చరిత్రలో ఇంకోటి ఉండదు.

పైపుకి అసలు దెబ్బ తగిలింది వేరేచోట. స్కై దీవిలో డన్‌వేగన్ కోట మెక్లాడ్ల దగ్గర మెక్‌క్రిమన్లు వంశపారంపర్యంగా పైపర్లు. పీబ్రాక్ అనే పెద్ద సంగీతాన్ని, ఒక మూల వరస చుట్టూ నెమ్మదిగా అల్లుకుంటూ పోయేదాన్ని, వాళ్ళు కాగితం లేకుండా అక్షరాలు నోటితో పాడి నేర్పేవాళ్ళు. 18వ శతాబ్దం రెండో సగంలో ఆ కొలువు ముగిసిపోయింది. క్లాన్ పెద్దలు నెమ్మదిగా భూస్వాములయ్యారు. భూస్వామికి కావలసింది కౌలు, పైపర్ కాదు. ఆ తర్వాత గొర్రెలు లాభమని తెలిశాక సొంత కౌలుదార్లనే ఖాళీ చేయించారు. ఖాళీ చేయించినవాళ్ళలో చాలామంది ఇంగ్లీషువాళ్ళు కారు, ఆ క్లాన్ ఇంటిపేరే ఉన్నవాళ్ళు. విలన్ మన ఇంట్లోనే ఉన్న కథ గ్రూపుల్లో తిరగదు కదా.

కత్తుల పాయింటు. ఆ తిరుగుబాటు ఓడిపోయిన కలోడెన్ మైదానంలో తుపాకులకీ కత్తులకీ యుద్ధం జరిగిందని అందరూ బొమ్మ గీసుకుంటారు. యుద్ధం అయ్యాక గెలిచినవాళ్ళు ఏరిన ఆయుధాల లెక్క ఉంది. తుపాకులు 2,320, కత్తులు 190. కొన్ని కత్తులు సైనికులు గుర్తుగా పట్టుకుపోయి ఉంటారనుకున్నా, ఆ లెక్క తలకిందులవదు. ఓడినవాళ్ళ దగ్గరా తుపాకులున్నాయి. ఫిరంగుల ముందు, బురద నేలమీద, ఆకలితో, రాత్రంతా నడిచి వచ్చి నిలబడ్డారు. ఓటమికి కారణం అది. ఆరడుగుల క్లేమోర్ అంటారా, ఆ రెండుచేతుల కత్తి అప్పటికే పాతబడిపోయింది. వాళ్ళ చేతిలో ఉన్నది వేళ్ళకి ఇనుప బుట్టలా పిడి ఉండే ఒంటిచేతి కత్తి. పిడి స్టర్లింగ్‌లోనో గ్లాస్గోలోనో చేసినా, అలుగు చాలాసార్లు జర్మనీది.

ఇవాళ హెరిటేజ్ సొసైటీల్లో నేర్పే కత్తిసాము కూడా రక్తంలో వచ్చింది కాదు, చాలావరకు పుస్తకాల్లోంచి తిరిగి కూడదీసుకున్నది. ఇన్వర్నెస్‌వాడు డొనాల్డ్ మెక్‌బేన్ 1728లో గ్లాస్గోలో ఒక పుస్తకం వేయించాడు. సైనికుడు, జూదగాడు, వేశ్యాగృహాలు నడిపినవాడు. అరవై దాటాక ఎడిన్‌బరాలో డబ్బు పందెం మీద ఒక కుర్రాడితో కత్తి కట్టి గెలిచాడు. ఇప్పుడు ముఖానికి మాస్క్ పెట్టుకుని, మన కర్రసాములో కర్రలాంటి సింగిల్‌స్టిక్ పట్టుకుని, "హ్యాంగింగ్ గార్డ్", "సెయింట్ జార్జ్ గార్డ్" అంటూ శనివారాలు చెమటలు కక్కేవాళ్ళు అలాంటివాళ్ళ పుస్తకాలు ముందేసుకునే నేర్చుకుంటారు. మెసేజ్ దండం పెట్టే వీరుల వారసత్వం అందించిన మనిషి మెక్‌బేన్ గారు. శుభం.

డాన్సు. ఆడవాళ్ళని రానివ్వరట! రెండు ముక్కల్లో చెబుతాను. మా అమ్మాయి క్లాసులో మగపిల్లల్ని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. డనూన్‌లో జరిగే ప్రపంచ పోటీల్లోనూ ఎక్కువమంది అమ్మాయిలే, 19వ శతాబ్దం చివరినుంచే వాళ్ళు పోటీల్లో దిగారు. ఇక అడుగులు మారకపోవడం. 1950లో స్కాటిష్ అఫీషియల్ బోర్డ్ ఆఫ్ హైలాండ్ డాన్సింగ్ ఏర్పడింది, అడుగులన్నీ ఒక పద్ధతిలో స్థిరపరచడానికి. మారని అడుగుల్ని స్థిరపరచడానికి బోర్డు దేనికి? కత్తుల్ని అడ్డంగా పెట్టి వాటిమీద ఆడే గిల్లీ కాలమ్‌కి మాల్కమ్ రాజు 1054లో శత్రువు కత్తిమీద ఆడాడని ఒక కథ చెబుతారు. రుజువులేమీ లేవు. పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది, నేనూ చెప్పాను. కత్తికి కాలు తగిలితే యుద్ధంలో చావు తప్పదని మెసేజ్ అంటోంది. ఇప్పుడైతే మార్కులు పోతాయి, కత్తి కదిలితే పోటీలోంచి పంపేస్తారు. పదేళ్ళ పిల్లకి అదీ చావుతో సమానమే, ఆ టెన్షన్ నేను చూశాను.

చివరికి స్వచ్ఛత. మిగతావన్నీ తప్పులైతే ఇది విషం, అందుకే దీన్ని ఊరికే వదలను.

బయటివాళ్ళని రానివ్వలేదా? తోలుసంచిలో గాలి పట్టి ఊదే వాయిద్యం స్పెయిన్‌లో ఉంది, బల్గేరియాలో ఉంది. మన వీధిభాగవతాల్లో శ్రుతి పట్టే తిత్తి కూడా ఆ కుటుంబమే. ఈ "శుద్ధ స్కాటిష్" పైపుని తయారుచేసేది ఎక్కువగా ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌తో, టాంజానియా, మొజాంబిక్ చెట్టుతో. చవక పైపులు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి. గ్లాస్గో గ్రీన్‌లో ఆగస్టులో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరుగుతాయి కదా, 1987లో కప్పు ఎత్తుకుపోయింది కెనడా బ్యాండు. ఆ తర్వాత అదే కప్పు మళ్ళీ మళ్ళీ గెలిచిన ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీ బ్యాండుది ఉత్తర ఐర్లండ్. హైలాండ్ డాన్సు పోటీల్లో సెయిలర్స్ హార్న్‌పైప్ ఉంటుంది, అది నావికుల డాన్సు. 1999 నుంచి సింగ్ అనే ఇంటిపేరుకి కూడా ఒక టార్టన్ ఉంది. కొత్త టార్టన్ కావాలంటే ఫారం నింపి ఫీజు కట్టి ప్రభుత్వ రిజిస్టర్లో నమోదు చేసుకోవచ్చు. క్లాన్ పెద్ద మీ ఇంటికొచ్చి మీ తాతలెవరని అడగడు.

నిజంగా కాపాడుకోలేకపోయింది ఒకటుంది, భాష. పైపు వరసల పేర్లు హైలాండ్స్ సొంత భాష గేలిక్‌లో ఉంటాయి, వాయించేవాళ్ళలో చాలామందికి ఆ పేరు సరిగా పలకడం రాదు. 1872 విద్యా చట్టంలో గేలిక్ ప్రస్తావనే లేదు, బడిలో మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. 2022 జనాభా లెక్కల్లో గేలిక్ ఎంతోకొంత వచ్చినవాళ్ళు లక్షా ముప్పైవేలు, వందకి ముగ్గురు కూడా లేరు. కిల్ట్ ప్రపంచమంతా తిరిగింది, భాష దీవుల అంచుకి చేరింది. సంస్కృతి స్వచ్ఛంగా మిగిలిందని ఎగిరేవాళ్ళకి ఈ ముక్క ఎందుకు కనపడలేదో!

అసలు ఈ పాయింటు స్కాట్లాండ్ గురించి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది మన ఇళ్ళలో పెళ్ళిసంబంధాల గురించి. ఎవరమ్మాయి ఎవరబ్బాయిని చేసుకుందో చెప్పి ఏడవడానికి మొహమాటం వేసి, మధ్యలో పాపం ఒక కిల్టువాణ్ణి నిలబెట్టారు. "కలుపుకుని చెడిపోయాం" అంటున్నారు కదా, మన గుళ్ళలో నాదస్వరం నిలబెట్టినవాళ్ళెవరు? ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్ళిన షేక్ చినమౌలానా గారు, చిలకలూరిపేట ముస్లిం విద్వాంసుల కుటుంబాలు. వాళ్ళు "మేం బయటివాళ్ళం" అనుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటే మన స్వచ్ఛమైన కల్యాణాలు ఏ సంగీతంతో జరిగేవో కాస్త ఊహించండి.

ఇన్ని తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. సన్నాయి పాయింటు నిజం. నాకు నచ్చకపోయినా నిజం. స్కాట్లాండ్‌లో 2021 నుంచి ప్రభుత్వ బడుల్లో వాయిద్యాలు నేర్పడానికి ఫీజు తీసేశారు. చాలాచోట్ల బడికో, ఊరికో ఒక పైప్ బ్యాండ్ ఉంటుంది, పెద్ద బ్యాండు తన వెనకాల పిల్లల బ్యాండుని పెంచుకుంటుంది. మొదట చేతికి పైపు ఇవ్వరు. ప్రాక్టీస్ చాంటర్ అనే చిన్న గొట్టం ఇస్తారు, తొమ్మిది స్వరాలు, వాటిమధ్య గ్రేస్ నోట్లు అనే చిటికెలంత అలంకార స్వరాలు, నెలల తరబడి అదే. ఇంట్లోవాళ్ళకి నరకం. ఏడాది దాటాకే సంచీ. దొడ్డిదారి లేదు, ఎవరి పిల్లలైనా అంతే. అలా పెరిగినవాళ్ళు గ్లాస్గోలోని రాయల్ కన్జర్వటోయిర్‌లో పైపింగ్‌లో డిగ్రీ కూడా చేయొచ్చు.

మన జిల్లా పరిషత్ హైస్కూల్లో డోలు, సన్నాయి పీరియడ్ ఎక్కడుందో చూపించమంటే నా దగ్గర జవాబు లేదు. తిరుపతిలో టీటీడీ నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతోంది, అదొకటి చెప్పగలను. తర్వాతి పేరు కోసం మాత్రం ఫోను తీసి వెతకాల్సిందే.