అడవి రోడ్డు కింది దుంగ కుళ్ళి తీరుతుందా?

“అడవి రోడ్ల కింద దుంగలు పరచడం బూడిదలో పోసిన పన్నీరే. చెక్క నాలుగేళ్లలో కుళ్ళుతుంది, రోడ్డు కుంగుతుంది, దానికన్నా కంకర పోయడం మేలు, పైగా ఇందుకు మంచి చెట్లను నరకాలి” అన్న వాదన చాలాకాలంగా చేతులు మారుతోంది. ఇందులో నిజం లేకపోలేదు గానీ, అది వర్తించే చోటు వేరు; నీరు పట్టిన మెత్తని నేలలో సంగతి అలా కాదు.

ముందుగా కుళ్ళు సంగతి. చెక్కను తినే శిలీంధ్రాలకు తేమ ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. ఏడాది పొడవునా నీటిలో మునిగి ఉన్న దుంగకు ఆక్సిజన్ దాదాపు అందదు కనుక, అక్కడ బాక్టీరియా వల్ల అతి నెమ్మదిగా జరిగే క్షయమే మిగులుతుంది. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ చిత్తడి నేలల్లో క్రీ.పూ. 3807-3806 ప్రాంతంలో వేసిన ‘స్వీట్ ట్రాక్’ అనే చెక్క బాట పీట్ (సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడే తడి నేల) పొరల కింద చెడకుండా నిలవడం వల్లనే, కలపలోని వార్షిక వలయాలను లెక్కించి దాని వయసు తేల్చగలిగారు. నేలలోనే ఉంచేసిన భాగం ఎండిపోకుండా తర్వాత పంపులతో నీళ్లు కూడా పెట్టారు. అసలు ముప్పు నీటిమట్టం పైకీ కిందికీ కదిలే పొరలో ఉంది. రోడ్డు బాగుండాలని పక్కనే లోతైన కాలువ తవ్వి నీటిని లాగేసేవారు, అంతవరకు భద్రంగా ఉన్న దుంగలకు తమ చేతులతోనే గాలి తగిలిస్తున్నారు.

కంకరే మేలన్న మాట గట్టి నేల విషయంలో సరే. నీరు పట్టిన పీట్ నేల ఇంచుమించు అంతే ఘనపరిమాణమున్న నీటంత బరువే ఉంటుంది; కంకర బరువు దానికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి దిగబడిన చోట మళ్ళీ కంకర పోయడమంటే, దిగబడడానికి కారణమైన బరువునే పెంచడం. అడ్డంగా పరచిన దుంగలైతే చక్రం మోపే భారాన్ని వెడల్పుగా పంచి, పైనున్న కంకర బురదలో కలవకుండా ఆపుతాయి. 1830లో మొదలైన లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మార్గాన్ని చాట్ మాస్ అనే బురద నేల మీదుగా ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ నడిపించింది కూడా కొమ్మలతో అల్లిన తడికలను, పొదల కట్టలను పరచే.

చెట్ల నరికివేత గురించిన ఆరోపణకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఇందుకు మేలురకం కలప అవసరం లేదు. అడవిని పలచన చేసేటప్పుడు వచ్చే సన్న దుంగలూ, నరికిన చోట మిగిలే కొమ్మలూ చాలు. రెండు మూడు సీజన్లకే పనికొచ్చే తాత్కాలిక దారికి శతాబ్దాల మన్నిక కోరడంలో అర్థమూ లేదు.

నేలలో పరిచే కృత్రిమ బట్ట, అంటే జియోటెక్స్‌టైల్ గుడ్డ, వచ్చాక దుంగలతో పని తీరిందనేవారూ ఉన్నారు. ఆ గుడ్డ మట్టినీ కంకరనూ వేరుచేస్తుంది, లాగుడును తట్టుకుంటుంది. దుంగలా వంగకుండా నిలబడడం దానికి చేతకాదు. అందుకే చాలాచోట్ల రెండూ కలిపి వాడతారు.

ఇక ఆ వాదన పూర్తిగా నిజమయ్యేది కొండవాలు మీద. వాలు అంచున పోసే మట్టికట్టలో దుంగలను, మొదళ్లను పూడ్చితే, అక్కడ నీరు నిలవదు కనుక అవి తప్పక కుళ్ళుతాయి. ఆ ఖాళీల్లోకి వాననీరు చేరి, కట్ట మొత్తం కిందికి జారవచ్చు. వాగుల పక్కన చెక్క పెచ్చులను మందంగా నింపడమూ తగదు, ఎందుకంటే వాటి నుంచి ఊరే ముదురు రంగు నీరు వాగులోని ఆక్సిజన్‌ను హరిస్తుంది.