బీదవాళ్లమా, తెలివైనవాళ్లమా?

అమెరికాలో తెలుగు కుటుంబం ఇరవై ఏళ్లు కష్టపడి తమకేం తక్కువ లేదని నలుగురినీ నమ్మిస్తుంది. పిల్ల పన్నెండో గ్రేడ్‌కు వచ్చిన అక్టోబర్‌లో, కాలేజీ చదువుకు ఫెడరల్ సాయం అడిగే ఫాఫ్సా ఫారం తెరుచుకుంటుంది. ఇక ఆ రోజు నుంచి అదే కుటుంబం తమకేమీ లేదని ప్రభుత్వాన్ని నమ్మించాలి.

నిజం చెప్పాలంటే ఫాఫ్సా మర్యాద తెలిసిన ఫారమే. ఉంటున్న ఇంటి విలువ అడగదు, రిటైర్మెంట్ ఖాతాల జోలికి రాదు. తల్లిదండ్రుల పొదుపులో మహా అయితే 5.64 శాతం ఫీజుకు పనికొస్తుందని లెక్కేస్తుంది. పిల్ల పేరు మీదున్న డబ్బులో మాత్రం 20 శాతం. పుట్టినరోజుకు వచ్చిన ప్రతి డాలరూ మనవరాలి పేరునే వేయమని పట్టుబట్టిన తాతగారికి ఈ సంగతి చెప్పకపోవడమే మంచిది, ఆయనకసలే బీపీ.

తమ సొంత సాయం ఇవ్వడానికి చాలా ప్రైవేటు కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అలా కాదు, పెళ్లిచూపులకొచ్చిన మేనత్త లాంటిది. ఇల్లు ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడెంత పలుకుతుంది, అప్పెంత మిగిలింది, అన్నీ కావాలి.

అమ్మానాన్నల ఉద్యోగ వీసా ఆసరాగా వచ్చిన హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు ఫాఫ్సా తంటా లేదు. వాళ్లకు ఫెడరల్ సాయమే లేదు. తల్లిదండ్రులు పన్ను కట్టడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

పోనీ మెరిట్‌నే నమ్ముకుందామంటే, హార్వర్డ్‌తో కలిపి ఐవీ లీగ్ అనే ఎనిమిది పేరున్న కాలేజీలూ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు. అక్కడ అవసరాన్ని బట్టే సాయం. 2025-26 నుంచి ఏటా రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు ఉండదని హార్వర్డ్ ప్రకటించింది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంట్లో ఆ వార్త చదివాక వినిపించే మాట ఒకటే: "ఏమండీ, ఆ ప్రమోషన్ మీకు ఇప్పుడే రావాలా?"

మిగతా కాలేజీల్లో మెరిట్ దండిగానే ఉంది. చాలాచోట్ల అది ఫీజులో తగ్గింపే. కానీ తగ్గింపు దొరికిందని ఎవరూ ఫోన్ చేసి చెప్పుకోరు, మెరిట్ వచ్చిందని చెప్పుకుంటారు.

ఒక కాలేజీ ఏటా 20 వేల డాలర్లు మెరిట్ ఇచ్చి 55 వేలు కట్టమందనుకుందాం. ఇంకోటి అవసరం చూసి 40 వేలు ఇచ్చి 45 వేలు కట్టమంది. పిల్ల ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి అక్కడికక్కడే తేల్చేస్తుంది. తండ్రికి తేలదు.

"ఆ నలభై వేలలో 5,500 అప్పేనమ్మా. అప్పును కూడా సాయం కింద రాసేశారు చూడు."

"అది తీసేసినా ఇదే తక్కువ నాన్నా."

"తక్కువే తల్లీ. కానీ అవసరం చూసి ఇచ్చారంటే మీ పెదనాన్నకి ఏమని చెప్పను?"

"గ్రాంట్ వచ్చిందని చెప్పు నాన్నా. పోయినేడు అన్నయ్యకి వచ్చినప్పుడు పెదనాన్న కూడా మనకి అలాగే చెప్పారు."