క్యాజువాలిటీలో సిస్టర్ చేతికి అధికారం కావాలి

పాడేరు, చింతపల్లి కొండల్లో ప్రాణం మీదికొస్తే చివరికి చేరేది విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కే (కింగ్ జార్జ్ ఆసుపత్రి). 2020 మే 7న విశాఖ దగ్గరి వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడూ జనాన్ని అక్కడికే మోసుకొచ్చారు. అలాంటి చోట క్యాజువాలిటీలో, అంటే ఎమర్జెన్సీ విభాగంలో, రోగిని ముందుగా చూసేది చాలాసార్లు స్టాఫ్ నర్సే. కానీ డాక్టర్ రాయనిదే ఆమె మందు మొదలుపెట్టడానికి వీల్లేదు.

పాముకాటు కేసే చూడండి. కాస్త రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టలేదంటే విషం పనిచేస్తున్నట్టే, విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ ఎక్కించాలి. ఈలోగా కనురెప్పలు వాలుతున్నాయా, ఊపిరి ఎగపోస్తోందా అని కనిపెట్టుకుని ఉండాలి. మందు పడక ఒళ్లంతా దద్దురులేసి బీపీ పడిపోతే వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. శిక్షణ పొందిన నర్సు ఇదంతా చేయగలదు. హౌస్ సర్జన్ (శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టర్) వేరే మంచం దగ్గర చిక్కుకుపోయాడని ఆ రోగి ఎందుకు ఆగాలి?

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు 1965లో కొలరాడోలో మొదలైంది. ఇక్కడ నేను పనిచేసే ఎమర్జెన్సీలో వాళ్లే కుట్లు వేస్తారు, మందులు రాస్తారు, బరువైన కేసులకు డాక్టర్‌ని పిలుస్తారు. భారత నర్సింగ్ కౌన్సిల్ కూడా క్రిటికల్ కేర్‌లో (ఐసీయూ వైద్యంలో) రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తయారుచేసింది. ఎమర్జెన్సీకీ అలాంటిది రావాలి, అదీ క్యాజువాలిటీలోనే, పీజీ చదివే డాక్టర్లతో పాటు రాత్రి డ్యూటీలు చేయిస్తూ. అయితే ఆ పేరుతో పోస్టు లేకుండా కోర్సు పెడితే, చదివిన అమ్మాయి పాత డ్యూటీకే తిరిగొస్తుంది, లేదా గల్ఫ్ వెళ్లిపోతుంది.

“రేపు కేసైతే ఎవరిది బాధ్యత?” అని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఏ మందు, ఎంత డోసు, ఏ స్థితిలో డాక్టర్‌ని పిలిచి తీరాలి అన్నది ఆసుపత్రి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఖాళీగా ఉన్న డాక్టర్ పోస్టుల్లో నర్సులను కూర్చోబెట్టి సరిపెట్టే పని మాత్రం ప్రభుత్వం చేయకూడదు. దాన్ని నేనూ ఒప్పుకోను.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు వెంటిలేటర్లు, మానిటర్లు పంపాయి, మంచిదే. ఇక నేర్పేవాళ్లను పంపుదాం. విశాఖలో రాత్రి డ్యూటీ నడిచే వేళ మనకు పగలు. మనలోని ఎమర్జెన్సీ డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్లు వారానికో గంట వీడియోలో కేసులు చర్చించవచ్చు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఆసుపత్రి అనుమతితో కొన్ని రాత్రులు పక్కన నిలబడి నేర్పవచ్చు. శిక్షణలో ఉన్నన్నాళ్లూ ఆ సిస్టర్లకు స్టైపెండ్ మనం భరించవచ్చు. ఈసారి కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను, విశాఖ వాళ్లే కాదు, అందరూ రండి.