ఫార్మాట్ సంప్రదాయ పరిరక్షణకు ఒక విన్నపం

పదేళ్లు దాటిన ఇంటి కంప్యూటర్ మాటిమాటికీ స్ట్రక్ అవుతుంటే దానికి కారణం వెతకాలని ఈ మధ్య కొన్ని ఇళ్లలో పిల్లలు వాదిస్తున్నారు. ఇది ఉపేక్షించదగిన ధోరణి కాదు. తెర బిగుసుకుపోగానే ‘వైరస్ వచ్చింది’ అని ఇంటిపెద్ద తేల్చడం, సీపీయూను స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లి ఫార్మాట్ కొట్టించుకు రావడం, అంటే డిస్కు తుడిపించి విండోస్ మళ్లీ ఎక్కించుకు రావడం, మన మధ్యతరగతికి ఏనాడో అలవడిన ఆచారం. సాక్ష్యం, విచారణ అనే జాప్యాలేమీ లేకుండా తీర్పూ శిక్షా ఒకే పూటలో ముగిసే ఇంత చక్కని ఏర్పాటును చెడగొడితే ఎవరికి లాభం?

ఈ కారణవాదులు మొదట వేడి సంగతి ఎత్తుతారు. ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుందనీ, అప్పటికీ చల్లబడక సుమారు 100 డిగ్రీల దరికి చేరితే కాలిపోకుండా యంత్రం మొత్తాన్ని ఆపేస్తుందనీ, కాబట్టి వీడియో పెట్టిన కాసేపటికే ఆగిపోయే కంప్యూటర్‌కు వైద్యమంటే ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులిపి, ఆ రెండిటి మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి, కొత్తది పూయడమేననీ వారి సిద్ధాంతం. ఇంతకూ దుమ్ము విషయంలో మనం ఏం తక్కువ చేశాం? సీపీయూను కంప్యూటర్ బల్ల కింది అరలో పెట్టి తలుపు మూశాం. పైన కుచ్చుల గుడ్డ కప్పాం. దసరాకు ఆయుధపూజ చేసి సరిగ్గా గాలి రంధ్రాల మీదే పసుపూ కుంకుమా అద్దాం. మే నెల రామగుండంలో సైతం ఈ రక్షణ వలయంలోకి గాలి చొరబడలేదు.

ఇక ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకపు పలక. దాని అంచుల మీది బంగారు పూతకు మురికి పట్టినా, గాడిలో అది కాస్త కదిలినా కంప్యూటర్ ఆగిపోతుందట. కరెంటు తీసేసి, ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది బిగిస్తే చాలునట. రబ్బరుముక్కతో నయమయ్యే జబ్బుకు బంధువుల్లో ఏం గౌరవం ఉంటుంది? ‘మదర్‌బోర్డు పోయింది’ అన్న మాటలోని గాంభీర్యం అందులో ఎక్కడుంది?

అన్నిటికన్నా అభ్యంతరకరమైనది ఈవెంట్ వ్యూయర్‌ను తెరవాలన్న సలహా. విండోస్ తన అవస్థలన్నిటినీ అందులో గంటా నిమిషంతో సహా రాసుకుంటుంది. ‘కెర్నల్ పవర్ 41’ అని ఉంటే యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని మాత్రమే అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ‘బ్యాడ్ బ్లాక్’ (డిస్కులో చెడిపోయిన చోటు) అని ఉంటే మాత్రం అనుమానం హార్డ్‌డిస్కు మీదికే పోవాలి. కానీ ఒకరి డైరీని మరొకరు చదవడం సంస్కారం కాదు గనుక మన ఇళ్లలో దాన్ని ఎవరూ తెరవరు. పైగా ఫార్మాట్ కొడితే ఆ రాతలన్నీ చెరిగిపోతాయి. నిందితుడితోపాటు సాక్షిని కూడా తొలగించే సౌకర్యం మరే చికిత్సలో ఉంది?

ఫార్మాట్ తర్వాత మెకానిక్ 2 జీబీ ర్యామ్ మీద 64 బిట్ విండోస్ 10 ఎక్కిస్తాడు. కనీస అర్హత అంతేనని రాసి ఉన్నందున అతన్ని తప్పుపట్టలేం. ఒకదాన్నొకటి అనుమానించుకునే రెండు యాంటీవైరస్‌లను కూడా ఉచితంగా వేసి పంపుతాడు. వారం తిరక్కుండా మళ్లీ హ్యాంగ్ అయితే, 2025 అక్టోబర్ 14న ఆ విండోస్‌కు మద్దతు ముగియడమే కారణమని ఇంట్లో తీర్మానం జరుగుతుంది. మద్దతు ముగియడమంటే భద్రతా సవరణలు ఆగడమే తప్ప ఆనాటి నుంచి తెర బిగుసుకుపోవాలన్న నిబంధనేమీ లేదని పిల్లలు గొణుగుతారు. ఫ్రిజ్ మోటారు అందుకున్నప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది గనుక యూపీఎస్ బ్యాటరీనీ, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌నూ చూపించమని కూడా అంటారు. కొన్ననాటి బ్యాటరీని శంకించడం ఇంటి మర్యాద కాదు.

పెళ్లి ఫొటోలూ, పింఛను కాగితాల స్కాన్‌లూ డీ డ్రైవ్‌లో ఉన్నాయి గనుక ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినా భయం లేదని పెద్దల ధీమా. సీ, డీ అనేవి ఒకే డిస్కులో గీసుకున్న వాటాలనీ, డిస్కే పోతే రెండూ కలిసే పోతాయనీ చెప్పి, పిల్లలు ఆ ఫొటోలన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయడం మొదలుపెట్టారు. పెద్దల ఎదుటే డీ డ్రైవ్ మీద ఇంత బాహాటంగా అవిశ్వాసం ప్రకటించడాన్ని సహించరాదు. ఆ హార్డ్‌డిస్కును తక్షణమే స్వాధీనం చేసుకుని, ఎవరి చేతికీ అందకుండా బీరువాలో పెట్టి తాళం వేయవలసిందిగా ఇంటిపెద్దలకు మనవి.