చుట్టాలింటికి పోయాయా, చచ్చిపోయాయా?

కాకుల కథ మనందరికీ తెలుసు. ఊళ్లో కాకులెన్ని అని రాజు అడుగుతాడు. కొలువులో చమత్కారి తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. అంతకంటే ఎక్కువుంటే చుట్టపుచూపుగా వచ్చాయి ప్రభూ, తక్కువుంటే చుట్టాలింటికి పోయాయి అంటాడు. నోటికొచ్చిన అంకెను మనం ఇప్పటికీ ‘కాకి లెక్క’ అనే అంటాం. చిన్నప్పుడు ఆ జవాబుకు నేనూ నవ్వాను. ఇప్పుడు అదే జవాబు వింటే నాకు హేలీ బే గుర్తొస్తుంది.

అంటార్కిటికాలో వెడ్డెల్ సముద్రం ఒడ్డున హేలీ బే దగ్గర ఎంపరర్ పెంగ్విన్ల పెద్ద కాలనీ ఉండేది. ఏటా 14 వేల నుంచి 25 వేల జంటలు అక్కడ చేరేవి. ప్రపంచంలో అది రెండో పెద్ద కాలనీ. ఎంపరర్లు పిల్లల్ని పెంచేది చాలావరకు నేల మీద కాదు, ఒడ్డుకు అతుక్కుని గడ్డకట్టిన సముద్రపు మంచు మీద. 2016లో పిల్లలకు నీటికి తడవని ఈకలు రాకముందే ఆ మంచు పగిలిపోయింది. 2017లోనూ అదే, 2018లోనూ అదే. మూడేళ్లు దాదాపు ఒక్క పిల్ల కూడా బతికి బట్టకట్టలేదు. కాలనీ ఖాళీ అయింది.

మరి పెద్ద పక్షులన్నీ ఏమయ్యాయి? చచ్చిపోయాయా, చుట్టాలింటికి పోయాయా? ఇక్కడ అది నవ్వులాట కాదు, తేల్చాల్సిన ప్రశ్న. తేల్చగలిగారు కూడా. అక్కడికి దక్షిణంగా ఉన్న డాసన్-లాంబ్టన్ కాలనీని కూడా అవే ఏళ్లలో, అలాంటి ఉపగ్రహ చిత్రాలతోనే లెక్కపెడుతూ వచ్చారు కాబట్టి. అక్కడ పక్షులు బాగా పెరిగాయి. అంటే కొన్ని నిజంగానే చుట్టాలింటికి పోయాయి. అన్నీ కాదు. రెండు ఊళ్లనూ ఒకేసారి లెక్కపెట్టిన వాళ్లే ఈ మాట చెప్పగలరు. హేలీ బే ఒక్కదాన్నే చూసినవాళ్లు ‘అన్నీ పోయాయి’ అని రాసేవాళ్లు, డాసన్-లాంబ్టన్ ఒక్కదాన్నే చూసినవాళ్లు ‘అబ్బో, పెరిగాయి’ అని రాసేవాళ్లు.

వరంగల్‌లో కూర్చుని పెంగ్విన్ల గురించి ఎందుకు అని అడిగే మిత్రులున్నారు. ఎందుకో చెబుతాను. దానికి ముందు అసలు వాటిని ఎలా లెక్కపెడతారో చెప్పాలి, విషయమంతా అందులోనే ఉంది.

మా ఊళ్లో బొడ్రాయి దగ్గర ఒక పాత చింతచెట్టు ఉండేది. వానాకాలంలో దాని మీద కొంగలు గూళ్లు పెట్టేవి. చెట్టు కింద నేలంతా సున్నం జల్లినట్టు తెల్లగా అయ్యేది. ఊరి బయట నుంచి కొంగలు కనబడకపోయినా, ఆ తెలుపు చూసి గూళ్లున్నాయని పిల్లలం పసిగట్టేవాళ్లం. అంతరిక్షం నుంచి పెంగ్విన్లను పట్టింది కూడా ఇలాగే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల నేల. అందులో పెంగ్విన్ కనబడే ప్రసక్తే లేదు. కానీ నెలల తరబడి ఒకే చోట వేల పక్షులు నిలబడితే మంచు మీద రెట్ట మరక పడుతుంది, అది కనబడుతుంది. 2009లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన పీటర్ ఫ్రెట్‌వెల్, ఫిల్ ట్రాతన్ ఈ మరకలు పట్టుకుని తీరమంతా గాలించి 38 ఎంపరర్ కాలనీలను గుర్తించారు. అందులో 10 అంతకుముందు ఎవరికీ తెలియనివి.

మరక చూస్తే కాలనీ ఉందని తెలుస్తుంది, ఎన్ని ఉన్నాయో తెలియదు. దానికి మరింత స్పష్టమైన చిత్రాలు కావాలి. 2012లో వచ్చిన లెక్కకు అలాంటివే వాడారు. చిత్రంలో ఏది మంచు, ఏది నీడ, ఏది రెట్ట, ఏది పక్షుల గుంపు అని విడదీశారు. పక్షులున్న జాగా ఎంతో కొలిచారు. కొన్నిచోట్ల నేల మీద నుంచీ విమానం నుంచీ తీసిన లెక్కలతో సరిచూసి, అంత జాగాలో ఎన్ని పక్షులు పడతాయో కట్టారు. మేడారం జాతరలో గద్దెల చుట్టూ ఉన్న జనాన్ని ఎవరైనా నిజాయితీగా అంచనా కట్టాలంటే చేయాల్సిందీ ఇదే. జాగా ఎంత, అందులో జనం ఎంత ఒత్తుగా ఉన్నారు, ఏ రోజు ఏ గంటకు చూశాం అన్నవి చెప్పాలి. ఇవేవీ చెప్పకుండా ‘కోటి’ అంటే అది భక్తితో అన్న మాట అవుతుంది, లెక్క కాదు. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. కానీ బస్సులు, నీళ్లు, దవాఖాన మంచాలు భక్తితో అన్న అంకె మీద ఏర్పాటు కావు కదా.

ఆ 2012 లెక్కలో 46 కాలనీలు, సుమారు 2,38,000 జంటలు, మొత్తం 5,95,000 దాకా పక్షులు తేలాయి. పాత అంచనాల కంటే ఇది చాలా ఎక్కువ. ‘ఎంపరర్లు రెట్టింపయ్యాయట’ అని అప్పట్లో నాతో అన్నవాళ్లున్నారు. అవేమీ రెట్టింపు కాలేదు. మన చూపు పెరిగింది, అంతే. ఎప్పటి నుంచో ఉన్నవి ఇప్పుడు లెక్కలోకి వచ్చాయి. 2024 నాటికి తెలిసిన కాలనీలు 66కు చేరాయి. అందులోనూ కొత్తగా పుట్టిన ఊళ్లు అనుకోవడానికి లేదు, కొత్తగా మన కంటపడ్డ ఊళ్లు. లెక్కలు చదివేటప్పుడు నేను మొదట చూసేది దీన్నే. మారింది పక్షులా, లెక్కపెట్టే పద్ధతా?

రెండోది, అసలు లెక్కపెట్టింది దేన్ని అని. పక్షినా, జంటనా, గూడునా, పిల్లనా? పేపర్లో అన్నీ ‘పెంగ్విన్లు’ అయిపోతాయి. అడెలీ పెంగ్విన్ గులకరాళ్లతో గూడు కడుతుంది. జంటలో ఒకటి గుడ్ల మీద కూర్చుంటే రెండోది సముద్రంలో తిండికి పోతుంది. కాబట్టి అక్కడ నిలబడ్డ పక్షుల్ని లెక్కపెట్టి లాభం లేదు, గూడును లెక్కపెడితే జంట లెక్క వస్తుంది. అదీ గుడ్లు పెట్టడం పూర్తయిన ఆ కొద్ది రోజుల్లోనే. ఆలస్యంగా పోతే పాడైన గూళ్లు అప్పటికే వదిలేసి ఉంటాయి, అంకె తగ్గుతుంది. అది నిజమైన తగ్గుదల కాదు, మనం ఆలస్యంగా పోయిన తగ్గుదల.

లెక్కపెట్టే మనిషిని ఊహించండి. కాళ్ల కింద గులాబీ రంగు బురద. పెంగ్విన్లు తినే క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవి రంగు అది. చేతిలో నొక్కితే అంకె మారే చిన్న మీట. గూళ్లు ఒకదానికొకటి ముక్కు అందేంత దూరంలో ఉంటాయి, వరుసలుండవు. కళ్లతోనే గుంపును ముక్కలుగా విడదీసుకుని, ఒక్కో ముక్కను మూడుసార్లు లెక్కపెడతారు. మూడు అంకెల మధ్య తేడా 5 శాతం దాటితే మళ్లీ మొదటికి. ఆ చలిలో, ఆ గాలిలో, ఆ వాసనలో మళ్లీ మొదటికి! ఈ ఓపికకు నేను దండం పెడతాను.

ఎంపరర్‌కు గూడే లేదు. మగపక్షి నడి చలికాలపు చీకట్లో రెండు నెలల పాటు గుడ్డును కాళ్ల మీద మోస్తుంది. అప్పుడు అక్కడికి పోయే దారి లేదు, చిత్రం తీసే వెలుతురూ లేదు. సూర్యుడు తిరిగొచ్చాక, సెప్టెంబర్ నుంచి తీసిన చిత్రాలే దిక్కు. అప్పటికి పెద్ద పక్షుల్లో కొన్ని సముద్రంలో ఉంటాయి. అందుకే ఉపగ్రహం చెప్పే అంకె ‘ఆ రోజు అక్కడ కనబడ్డవి’ అని మాత్రమే. వెడ్డెల్, బెల్లింగ్‌షాసెన్ సముద్రాలు, అంటార్కిటిక్ ద్వీపకల్పం కలిసిన ప్రాంతంలో 2009 నుంచి 15 ఏళ్లలో ఎంపరర్లు 22 శాతం తగ్గాయని 2025లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గుండె జారే అంకె అది. అయితే ఆ ప్రాంతంలో ఉన్నది ప్రపంచంలోని ఎంపరర్లలో దాదాపు మూడో వంతు. దాన్ని పట్టుకుని మొత్తం ఎంపరర్లకు అంటగట్టకూడదు. తక్కువ చేసి చూపకూడదు కూడా. అదే బెల్లింగ్‌షాసెన్‌లో 2022లో మంచు ముందే కరిగి, ఒక ప్రాంతంలోని ఐదు కాలనీల్లో నాలుగింట పిల్లలు పూర్తిగా దక్కలేదు.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది ఒక దీవి కథ. హిందూ మహాసముద్రం దక్షిణాన, క్రోజె దీవుల్లో ఇల్ ఓ కోషాన్ అని ఉంది. 1982లో శాస్త్రవేత్తలు చూసినప్పుడు అక్కడ సుమారు 5 లక్షల జంటల కింగ్ పెంగ్విన్లున్నాయి. ప్రపంచంలోనే పెద్ద కింగ్ కాలనీ. అన్ని ఉన్నాయి కదా, ఏమవుతాయిలే అనిపించడం సహజమే. పోవడం కూడా కష్టమైన చోటు. దశాబ్దాల పాటు ఎవరూ కాలు పెట్టలేదు. 2018లో, ఉపగ్రహం నుంచీ హెలికాప్టర్ నుంచీ తీసిన చిత్రాలతో కట్టిన లెక్క వచ్చింది. మిగిలింది సుమారు 60 వేల జంటలు. పదింట తొమ్మిది మాయం. తగ్గుదల 1990ల చివర్లో మొదలైందని పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేసి పట్టుకున్నారు. రోగమా, సముద్రంలో తిండి దూరమైందా, దీవి మీదికి మనుషులు తెచ్చిన పిల్లులా? కారణం పట్టుకోవాల్సిన రోజులు దాటిపోయాక వెతుకులాట మొదలైంది. ఆ మధ్యలో రెండేళ్లకోసారైనా ఎవరైనా పోయి లెక్క రాసి ఉంటే!

అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గరి ఎలిఫెంట్ ఐలాండ్ అనే దీవిలో చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లదీ అలాంటిదే. 1971లో 1,22,550 జంటలు, 2020లో 52,786. దాదాపు యాభై ఏళ్లలో రెండు అంకెలు. ఎంత తగ్గాయో తెలిసింది, ఎప్పటి నుంచి తగ్గాయో, మధ్యలో ఏం జరిగిందో ఆ రెండు అంకెలూ చెప్పవు.

ఇక వరంగల్‌కు వస్తాను. నా చిన్నతనంలో ఊరి బయట చచ్చిన గొడ్డును పడేసే చోటుండేది. రాబందులు దిగేవి. మెడలు ముందుకు చాచి, రెక్కలు సగం విప్పి, ఒకదాన్నొకటి తోసుకుంటూ సాయంత్రానికి ఎముకలు మిగిల్చేవి. మాకు భయం, అసహ్యం. ‘ఎన్ని?’ అని ఎవరూ అనుకోలేదు. మాయమయ్యాక కూడా చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. దేశమంతా ఇదే. అయితే రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభూ ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980లలోనే, అవి కుప్పలుతెప్పలుగా ఉన్న రోజుల్లోనే గూళ్లు లెక్కపెట్టి పెట్టుకున్నారు. 1990లలో మళ్లీ లెక్కపెడితే అంకె కూలిపోయింది. ఆ రెండో అంకెకు అర్థం వచ్చింది మొదటి అంకె ఉండబట్టే. ఆ తర్వాత పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వాటిని చంపుతోందని 2004లో బయటపడింది, 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మన ఉత్తర తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనబడితే పండగలా అనిపించింది. కానీ మా పరకాల వైపు, ములుగు వైపు ఎన్ని ఉండేవి, ఏ ఏడాది నుంచి తగ్గాయి అన్నది ఇక ఎప్పటికీ తేలదు. అరుదైన వాటిని లెక్కపెట్టడానికి అందరూ ముందుకొస్తారు. ఎక్కడ చూసినా ఉన్నవాటిని, ఉన్నప్పుడే లెక్కపెట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

లెక్క మనకు కొత్తా? మా మేనమామకు గొర్ల మంద ఉండేది. పొద్దుగూకాక కంప దొడ్డి తడక కొంచెమే తీసేవాడు, రెండు గొర్లు మాత్రమే పట్టేంత. జతలు జతలుగా లోపలికి పోతుంటే పెదాలు కదిలేవి, ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒకరోజు ఆఖరి గొర్రె పోయాక తడక వెయ్యకుండా నిలబడ్డాడు. “ఒక్కటి తక్కువున్నది అల్లుడా, బ్యాటరీ పట్టుకరా” అన్నాడు. ఇద్దరం కాలువ గట్టంట పోయాం. బురదలో కాలు దిగబడి, గొంతు పోయేదాకా అరిచి నీరసించిన గొర్రెపిల్ల దొరికింది. పొద్దున లెక్కపెడదాంలే అనుకుని ఉంటే అది దక్కేది కాదు. అంటార్కిటికాలో ఆస్ట్రేలియా వాళ్లు బెషర్వైస్ దీవి మీద అడెలీలు సముద్రం నుంచి గూటికి పోయే దారిలో ఇరుకు తోవ పెట్టి, ఒక్కొక్కటి దాటుతుంటే బరువు తూచే యంత్రం అమర్చారని చదివినప్పుడు నాకు ఆ తడకే కళ్ల ముందు నిలిచింది.

లెక్క లేకపోతే వాదన కూడా నిలబడదు. అంటార్కిటికాలో క్రిల్ వేట మీద పరిమితులు పెట్టే అంతర్జాతీయ వ్యవస్థ, వేట ప్రభావం తెలుసుకోవడానికి పెంగ్విన్లను ఏళ్ల తరబడి గమనిస్తోంది. ఎంపరర్‌కు ప్రత్యేక రక్షణ హోదా ఇవ్వాలని 2022లో బెర్లిన్‌లో జరిగిన అంటార్కిటిక్ ఒప్పంద దేశాల సమావేశంలో చాలా దేశాలు కోరితే చైనా ఒప్పుకోలేదు. ఇంకా పరిశోధన కావాలంది. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం జరిగే చోట, లెక్కలో ఉన్న ప్రతి సందూ కాదనడానికి సాకవుతుంది. ఆ ఒప్పందంలో ఓటున్న దేశాల్లో మనదీ ఒకటి. అంటార్కిటికాలో మన పరిశోధన స్టేషన్ భారతి 2012 నుంచి ప్రిడ్జ్ బే తీరంలో ఉంది, అదే తీరంలో అమండా బే ఎంపరర్ కాలనీ ఉంది. కాబట్టి ఇది ఎవరో దూరపు దేశాల గొడవ కాదు.

భద్రకాళి చెరువు కట్ట మీద నేను ఏళ్ల తరబడి పొద్దున నడిచాను. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకునేవి, నత్తగుల్ల కొంగలు ఒడ్డు బురదలో ముక్కు గుచ్చి నిలబడేవి. చూసి సంతోషపడి ఇంటికొచ్చాను. 2024 చివర్లో పూడికతీతకు చెరువును ఖాళీ చేశారు. పూడిక తీయాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. నీళ్లు మళ్లీ నిండాక పక్షులు తగ్గాయా, పెరిగాయా అని ఎవరైనా అడిగితే, అన్నేళ్లు నడిచిన నా దగ్గర పెన్నుతో రాసిన ఒక్క అంకె లేదు. సిగ్గేసింది.

ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి. ఎవరైనా చేరవచ్చు. పాఖాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగర్, ఇంకా ఊరూరా కాకతీయుల నాటి చెరువులు. ఇన్ని చెరువులున్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక్కో చెరువుకు ఇద్దరు మనుషులు, ఒక బైనాక్యులర్, ఒక నోట్‌బుక్ దొరకవా? కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలున్నారు, కట్ట మీద రోజూ నడిచే రిటైర్డ్ టీచర్లున్నారు. ఒకే చోట నిలబడాలి, ఒకే గంటకు మొదలుపెట్టాలి, ఏం లెక్కపెట్టామో రాయాలి, ఎంతసేపు చూశామో రాయాలి. ఒక్క పక్షీ కనబడని రోజు సున్నా కూడా రాయాలి. పక్క చెరువును కూడా అదే పొద్దున చూడాలి, లేకపోతే చుట్టాలింటికి పోయినవాటిని చచ్చిపోయినవాటిలో కలిపేస్తాం.

నేను 200 పేజీల నోట్‌బుక్ కొన్నాను. మొదటి పేజీలో చెరువు పేరు, నిలబడే చోటు, గుర్తుకు పక్కనున్న వేపచెట్టు రాశాను. మా పక్కింటి ఇంటర్ పిల్ల తోడొస్తానంది. ఉదయం ఆరున్నరకు కట్ట మీద ఉంటాం.