షీట్‌లో వెతకొద్దు, గదిలో వెతకండి

మొన్న ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ అయిపోయి అందరూ చెప్పులేసుకుంటుంటే ఒక ఫ్రెండ్ అడిగాడు, "కొత్త ఎడిషన్ అంత బాగుంటే నువ్వేంట్రా 1981 నాటి రూల్స్ పట్టుకుని కూర్చున్నావ్, నోస్టాల్జియానా?" అని. వారం రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది కాబట్టి ఇక్కడ పూర్తిగా రాసేస్తున్నా.

నోస్టాల్జియా అయ్యే ఛాన్సే లేదు. ఆ పుస్తకం నాకంటే పెద్దది. నా చిన్నప్పుడు మా తెనాలిలో ఇరవై ముఖాల డైస్ చూసినవాళ్ళని నేనెరగను, మేం ఆడింది గవ్వలతో అష్టాచెమ్మా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నేను నేర్చుకున్నదే 2014లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్‌తో, మిల్వాకీలో ఎమ్మెస్ చేసేటప్పుడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే ఆడా, దాంతో మంచి స్నేహితులు దొరికారు, ఆ ఎడిషన్ మీద నాకు కోపమేం లేదు. అంటే పాతది వదల్లేక ఉండిపోయినవాణ్ణి కాదు నేను, కొత్తది బాగా ఆడి చూసి పాతదాని దగ్గరికి నడిచొచ్చినవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఇది వీడియో గేమ్ కాదు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ఒకరు డీఎమ్ (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్ళు), ఎదురుగా ఏముందో డీఎమ్ చెప్తే మా పాత్ర ఇది చేస్తుంది అని మిగతావాళ్ళు చెప్తారు, అనుమానం వచ్చిన చోట డైస్ వేస్తారు. విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఉండే గ్యారీ గైగాక్స్, మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్, ఇద్దరూ బొమ్మ సైన్యాలతో యుద్ధం గేమ్‌లు ఆడేవాళ్ళు, సైన్యం బదులు ఒక్కొక్కరు ఒక్కో మనిషిని నడిపితే ఎలా ఉంటుంది అన్న చోట నుంచి పుట్టింది ఇది. 1974లో మూడు చిన్న బుక్‌లెట్లు ఒక డబ్బాలో పెట్టి మొదట వెయ్యి కాపీలు వేశారు. నేనిప్పుడు ఆడించేది 1981లో టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన బేసిక్ రూల్స్, మొత్తం 64 పేజీలు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక్కటే 320.

పేజీలు తక్కువ కాబట్టి మంచిది అనట్లేదు. ఆ లేని పేజీల చోట ఏం జరుగుతుందో చెప్తా, అదే అసలు విషయం.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్, నలుగురు ప్లేయర్లు. మా పిన్ని కూతురు మొదటిసారి ఆడుతోంది. డైస్ వేస్తే తనకి మ్యాజిక్-యూజర్ అనే మంత్రగాడి పాత్రకి పనికొచ్చే నంబర్లు పడ్డాయి, తెలివి ఎక్కువ, బలం అంతంతమాత్రం. హిట్ పాయింట్లకి, అంటే పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే లెక్కకి, నాలుగు ముఖాల డైస్ వేస్తే రెండు పడింది. రెండంటే రెండే. రోజుకి ఒక్క స్పెల్, చేతిలో చిన్న కత్తి, ఒంటి మీద కవచం లేదు. పాత్ర వివరాలు రాసుకునే షీట్ అంతా కలిపి పోస్ట్ కార్డంత. పైనుంచి కిందకి చూసి "అన్నయ్యా, ఇందులో నేను చెయ్యగలిగేవి ఎక్కడున్నాయి?" అంది. ఉండవమ్మా, నీకు ఏం తోస్తే అది చెప్పు అన్నా.

పాడుబడ్డ కోట కింద ఒక గదికొచ్చారు, గోబ్లిన్లనే పొట్టి రాక్షసులు కాపురం ఉంటున్న చోటు. ఎదురుగా మూడు తలుపులు, మూడింటికీ రాతి గడపలు. మధ్య తలుపు పెద్దది, చెక్కడాలున్నాయి, మిగతా రెండూ మామూలువి. ఫైటర్ ఆడే ఫ్రెండ్ ఆ పెద్ద తలుపే తీద్దాం, నిధంతా దాని వెనకే ఉంటుంది అన్నాడు. మా చెల్లి చెయ్యి అడ్డం పెట్టి నన్నడిగింది, "గడపలు ఎలా ఉన్నాయి అన్నయ్యా, అరిగి ఉన్నాయా?"

నేను రాసుకున్న నోట్స్‌లో గడపల గురించి ఒక్క అక్షరం లేదు. కానీ ఈ చోటులో ఎవరు బతుకుతున్నారో, ఎటు తిరుగుతారో, ఏ తలుపంటే భయపడతారో నాకు తెలుసు, అంచేత జవాబు దానంతటదే వచ్చేసింది. కుడివైపుదీ ఎడమవైపుదీ మధ్యలో గుంట పడేంత అరిగాయి, నడిమిది అంచులు పదునుగా కొత్తదానిలా ఉంది అని చెప్పా. "మరింకేం, అందులోంచి ఎవరూ నడవట్లేదు. మా అమ్మమ్మ వాళ్ళ వీధి గడప కూడా అలాగే అరిగిపోయింది. ఇక్కడుండేవాళ్ళే ముట్టుకోని తలుపు మనమెందుకు తీస్తాం?" అంది. ఆ తలుపు లాగితే పైనుంచి బండరాయి పడుతుంది, అది నా నోట్స్‌లో ఉంది. ఫైటర్ ఆడేవాడు ఒక్క నిమిషం ఏం మాట్లాడకుండా చెల్లి వైపే చూశాడు.

ఎవరూ డైస్ వెయ్యలేదు. ఆ అమ్మాయికి ఈ గేమ్ గురించి అరగంట క్రితం వరకు ఏం తెలీదు, కానీ జనం బతికే ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు, ఆ తెలివి నేరుగా టేబుల్ మీద పనికొచ్చింది.

ఇదే గది కొత్త ఎడిషన్‌లో నేను ఎన్నోసార్లు చూశా, ఆడించా కూడా. ప్లేయర్ తల దించుకుని షీట్ చూస్తాడు, "ఇన్వెస్టిగేషన్ ప్లస్ ఫైవ్ ఉంది, వెయ్యనా?" అంటాడు (వెతికే నైపుణ్యం, డైస్ మీద పడ్డదానికి ఐదు కలుపుకోవచ్చని), వేస్తాడు, పద్దెనిమిది వస్తుంది, మధ్య తలుపుకి ట్రాప్ ఉంది అని డీఎమ్ చెప్తాడు, అయిపోయింది. గడప లేదు, అమ్మమ్మగారిల్లు లేదు, ఆ ఒక్క నిమిషం నిశ్శబ్దం లేదు. కొత్త రూల్స్ గడప గురించి అడగొద్దని ఎక్కడా చెప్పలేదు, అది నేనూ ఒప్పుకుంటా, మంచి డీఎమ్ దగ్గర అక్కడా అడగొచ్చు. కానీ చేతిలో మూడు పేజీల షీట్, దాన్నిండా బటన్లలాంటి పవర్లు పెడితే మనిషి చూపు దాని మీదకే పోతుంది కదా, అది మనిషి తప్పు కాదు, షీట్ పిలుస్తుంది, పైగా ఫోన్ యాప్‌లో ఉంటే ఇంకా గట్టిగా పిలుస్తుంది.

ఇంకో సంగతి, మా చెల్లి అసలు ఆ ప్రశ్న ఎందుకడిగింది? రెండు హిట్ పాయింట్లు కాబట్టి. నిజంగా దానికోసమే. ఈ రూల్స్‌లో సున్నాకి వస్తే చచ్చిపోయినట్టే, ఇంకో మాట లేదు. బతికి బయటపడ్డా పూర్తిగా ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే తిరిగొచ్చేది ఒకటి నుంచి మూడు పాయింట్లు. ఫిఫ్త్ ఎడిషన్‌లో సున్నాకి వస్తే స్పృహ తప్పుతారు, తర్వాత ఇరవై ముఖాల డైస్‌తో డెత్ సేవ్‌లు, అంటే బతుకుతారా పోతారా తేల్చే రోల్స్, మామూలుగా మూడుసార్లు ఫెయిలైతేనే పోతారు, ఈలోపు పక్కవాడు చిన్న హీలింగ్ స్పెల్ వేస్తే లేచి నిలబడతారు, రాత్రి ఎనిమిది గంటలు పడుకుంటే హిట్ పాయింట్లన్నీ వెనక్కొచ్చేస్తాయి. అలాంటప్పుడు గడప గురించి అడగాల్సిన అవసరం ఎవరికుంటుంది చెప్పండి? తలుపు లాగేస్తే సరిపోతుంది, రాయి పడితే పడుతుంది, లేస్తాం. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, పాత గేమ్ మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది.

అందరూ పాతకాలం గేమ్ అంటే చంపుకోవడమే అనుకుంటారు, అది పూర్తిగా తిరగేసిన మాట, దీని గురించి నాకు గట్టిగా చెప్పాలనుంది. లెక్క చూడండి. బేసిక్‌లో ఫైటర్ రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే 2000 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావాలి. ఒక గోబ్లిన్‌ని చంపితే వచ్చేది 5. అంటే ఒక్కడే చంపుకుంటూ పోతే నాలుగొందల గోబ్లిన్లు! కానీ బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీ. కాబట్టి ఎవడికైనా అర్థమైపోతుంది, కొట్లాట నష్టం బేరం, దొంగిలించు, మోసం చెయ్యి, మాట్లాడు, లంచమివ్వు, పారిపో, ఏదైనా చెయ్యి, బంగారం మాత్రం బయటికి తే. ఫిఫ్త్ ఎడిషన్ 2014 రూల్స్‌లో ఒక గోబ్లిన్‌కి 50, రెండో లెవెల్‌కి 300, ఆరుగురిని చంపితే సరి. ఏది కొట్లాట గేమో మీరే చెప్పండి.

దానికి తోడు రియాక్షన్ రోల్ అని ఒకటుంది, నాకు చాలా ఇష్టమైన రూల్. ఎదురుపడ్డ జీవి ఏ మూడ్‌లో ఉందో డీఎమ్ రెండు డైస్ వేసి చూస్తాడు, రెండు పడితే మీద పడుతుంది, పన్నెండు పడితే స్నేహంగా ఉంటుంది, మధ్యలో పడితే ఎటూ తేల్చుకోదు. మా వాళ్ళకి ఒకసారి గోబ్లిన్ల గుంపు ఎదురైతే మధ్యలో పడింది, వీళ్ళు ఎండు చేప ఇచ్చి మాట కలిపారు, ఆ గోబ్లిన్లకి పైనున్న నాయకుడంటే పడదని బయటపడింది, ఆ తర్వాత నాలుగు వారాలు కథ అంతా దాని చుట్టూనే తిరిగింది. నేను రాసింది కాదు అది. కొత్త పద్ధతిలో చాలామంది డీఎమ్‌లు ముందే కథ రాసుకుంటారు, ప్లేయర్లు పాత్ర వెనక కథ పేజీలకి పేజీలు రాసుకొస్తారు, అందుకే పాత్ర చచ్చిపోతే కథే ఆగిపోతుందని భయం, ఆ భయంతో డీఎమ్ తన ముందు నిలబెట్టుకున్న తెర వెనక డైస్ మారుస్తాడు. నేనూ మార్చా. అప్పట్లో ఒక క్యాంపెయిన్‌లో, అంటే వారాల తరబడి సాగే కథలో, డ్రాగన్ దెబ్బ తగ్గించి చెప్పా, టేబుల్ అంతా చప్పట్లు కొట్టింది, ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం వాళ్ళ గెలుపు నేను దొంగిలించినట్టు అనిపించింది. అప్పటినుంచే నేను ఇటు తిరిగా.

ఇప్పుడు తెర లేదు, డైస్ అందరి ముందే. గంటకి ఒక టార్చ్ ఆరిపోతుంది, పది నిమిషాల టర్నులు ఆరు, కాగితం మీద గళ్ళు కొట్టేస్తూ ఉంటా. ప్రతి రెండు టర్నులకీ డైస్ వేస్తే ఆరింట ఒక వంతు ఏదో ఒకటి తిరుగుతూ వచ్చేస్తుంది. ఇంకో గది చూద్దామా, వెళ్ళిపోదామా అని మా వాళ్ళు గుసగుసలాడుకుంటుంటే చూడాలి మీరు, మిగిలిన టార్చ్‌లు ఎన్నో లెక్కపెట్టుకుంటూ.

పాతదంతా బంగారం అనట్లేదు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆడ పాత్రల బలానికి తక్కువ పరిమితి పెట్టారు, అది చెత్త రూల్, పోయి మంచి పనైంది. టూంబ్ ఆఫ్ హారర్స్ లాంటి పాత అడ్వెంచర్ల (ముందే రాసి అమ్మే ఆట కథల) మీద కూడా నాకు పెద్దగా మోజు లేదు, టోర్నమెంట్ కోసం రాసింది అది, చాలా చోట్ల జాగ్రత్తగా ఉన్నవాణ్ణీ చంపేస్తుంది, నేను సమర్థించే చావు అలాంటిది కాదు, అడిగితే తెలిసేదై ఉండాలి ప్రమాదం. ఆటకి ముందు కూర్చుని ఎవరికి ఏ విషయాలు ఇబ్బందో మాట్లాడుకోవడం కొత్త టేబుళ్ళ దగ్గర నేర్చుకున్నా, మా ఇంట్లోనూ అదే చేస్తాం.

"రూల్ లేకపోతే డీఎమ్ నియంత అయిపోడా?" అని అడుగుతారు. అయ్యే అవకాశం ఉంది. అలాంటివాడు 320 పేజీలున్నా అవుతాడు. రూల్ లేని చోట నేను ఏం నిర్ణయించినా ఎందుకో అందరి ముందు చెప్తా, వాళ్ళు వాదిస్తే వింటా, రెండుసార్లు నా మాట వెనక్కి తీసుకున్నా, ఒకసారి నిర్ణయించింది తర్వాతెప్పుడూ అదే. దీనికి పుస్తకం చాలదు, మనుషుల మధ్య నమ్మకం కావాలి, అది కట్టుకోవడానికి మాకు ఐదారు వారాలు పట్టింది.

ఆ ఫైటర్ పాత్ర పోయింది, చెప్పడం మర్చిపోయా. మూడో నెలలో, మిగతావాళ్ళు మెట్లెక్కేదాకా సన్నటి దారిలో ఒక్కడే నిలబడి. ఆపమని ఎవరూ అడగలేదు, తనే నేనుంటా మీరు వెళ్ళండి అన్నాడు, మిగిలింది మూడు పాయింట్లని అందరికీ తెలుసు, ఎదురుగా ఎందరున్నారో కూడా తెలుసు. డైస్ పడ్డాక ఎవరూ మాట్లాడలేదు. మా చెల్లి తన నోట్‌బుక్ మ్యాప్‌లో ఆ దారికి వాడి పేరు పెట్టింది. ఫిఫ్త్ ఎడిషన్‌లో నా పాత్రలు ఎన్నిసార్లు కిందపడి లేచాయో నాకు లెక్క లేదు, ఒక్కసారి కూడా ఎక్కడ పడిందో గుర్తులేదు.

ఇప్పుడు మా వాళ్ళు ఇంకా కిందకి దిగే మెట్ల దగ్గర ఆగారు. కింద నుంచి ఏదో కాలిన వాసన వస్తోంది అని చెప్పి ఆ రోజుకి ఆపేశా. బుధవారం రాత్రి పదకొండింటికి మా చెల్లి నుంచి వాట్సాప్ మెసేజ్: "అన్నయ్యా ఆ వాసన నూనె కాలినట్టా, వెంట్రుకలు కాలినట్టా?"

వెంట్రుకలు కాలినట్టు అని పెట్టా. అయితే ఈసారి తాళ్ళు ఎక్కువ కొనాలి అంది.